ఒంటి బొమ్మల బేరం

మా తమ్ముడు ధనంజయాచారిని బతుకు మొత్తంలో ఒక్కసారే మోసగాడన్నారు. అడిగినదానికన్నా ఎక్కువ ఇచ్చినందుకు అన్నారు. నేను వాడికి అక్కను, సుబ్బులమ్మను. మొగుడు పోయాక పన్నెండేళ్లు వాడింట్లోనే ఉన్నదాన్ని. నా చదువు మూడో తరగతి. తప్పులుంటే అక్షరాలు దిద్దుకోండి, జరిగినదాన్ని దిద్దకండి.

మాది తిరుపతిలో ఎర్రచందనం బొమ్మలు చెక్కే ఇల్లు. మరపాచి బొమ్మలంటారు, ఒక మగ, ఒక ఆడ. ఒకే మొద్దును నిలువునా చీల్చి, ఒక సగంలో మొగుణ్ణి, రెండో సగంలో పెళ్లాన్ని చెక్కాలి. కొండకు వచ్చినవాళ్లు కొత్తగా పెళ్లయిన కూతురికని కొనుక్కుపోతారు. జంటను విడదీసి అమ్మడం మా ఇంటా వంటా లేదు. ఒకదానికి ముక్కు చిట్లితే రెండోదాన్ని కూడా అమ్మం.

తమ్ముడి చెయ్యి మా నాయన చెయ్యికన్నా మంచిది. నోరే చేతకానిది. ఎవరేమడిగినా ఎదురుగా కాదనలేడు. ఒళ్లు కాలిపోతూ పడుకున్నప్పుడు కూడా, పని ఉందని వచ్చినవాడితో ‘వస్తాలే అప్పా’ అనేవాడు. వచ్చినవాడే వాడి మొహం చూసి వెళ్లిపోవాలి. మా ఊళ్లో అందరూ అట్లాగే వెళ్లిపోయేవాళ్లు. అందుకే వాడికి ఏ ఇబ్బందీ రాలేదు, ఆ టర్నర్ దొర వచ్చేదాకా.

యుద్ధం ముగిసిన మరుసటేడు. యాత్రికులు పలచబడ్డారు. రేషను బియ్యంలో రాళ్లు ఏరుకుని ఆరుగురం తింటున్నాం. మా కొట్టంలో పనిచేసే ఇద్దరికి కూలి ఇవ్వడానికి తమ్ముడు కిందా మీదా పడుతున్నాడు. అప్పుడు మద్రాసు నుంచి ఆ దొర దిగాడు. లండన్‌కు ఓడలో సరుకు పంపే వ్యాపారం అతనిది. మాట అటూ ఇటూ చెప్పడానికి మిషన్ బడి అయ్యవారు రాజారత్నం వెంట వచ్చాడు.

దొర ఒక జంటను చేతికి తీసుకున్నాడు. ఆడబొమ్మను అటూ ఇటూ తిప్పి మురిశాడు. మగబొమ్మను అరుగు మీద బోర్లా పడేశాడు.

“లండన్లో దొరసానులు అద్దం ముందర పెట్టుకుంటారంట. ఆడబొమ్మలే రెండు నూర్లు కావాలంట. మగవి వద్దంట,” అన్నాడు రాజారత్నం.

తమ్ముడు తల గోక్కున్నాడు. “సూద్దాం లే దొరా. ముందు కాఫీ తాగండి.”

మా వైపు పుట్టిన పసిబిడ్డకైనా తెలుసు, ఆ మాటంటే కుదరదని. నచ్చని పెళ్లిసంబంధాన్ని కూడా ఇట్లాగే సాగనంపుతాం. వచ్చినవాళ్లు కాఫీ తాగి, ఎండల గురించి నాలుగు మాటలాడి, మర్యాదగా లేచిపోతారు. దొర లేవలేదు. సంచిలోంచి కాగితం తీశాడు. తమ్ముడి చెయ్యి పట్టుకుని ఊపాడు. చెయ్యి పట్టుకున్న మనిషిని ఎట్లా కాదనాలని మా మహానుభావుడు సంతకం చేశాడు.

దొర బండి మలుపు తిరగగానే నేను వాకిట్లోకి వచ్చాను.

“ఏమిరా, ఒంటి బొమ్మలు సేస్తావా?”

“సేయనక్కా.”

“మరి సంతకమెందుకు పెట్టినావు?”

“ఇంటికొచ్చిన మనిషి. మొగం మీదనే కాదంటే ఏం బాగుంటాది?”

“రెండునూర్ల మంది ముత్తైదువలను మొగుళ్లు లేకుండా ఓడెక్కిస్తావా?”

“మొగుళ్లను ఊరికే పంపిస్తా. కొసరనుకుంటాడు. ఆయనకేం నష్టం?”

కొసరు లేని బేరం మేమెరగం. చింతపండు కొన్నా ఇంకో పిడికెడు పైన వేయాల్సిందే. అందుకే అప్పుడు నాకు కూడా వాడి మాట సబబుగానే తోచింది. ఆ కోపం నా మీద నాకు ఇంకా ఉంది.

అయిదు నెలలు ముగ్గురూ నడుములు విరిగేలా చెక్కారు. నాలుగు వందల బొమ్మలకు గరుకైన బరింకాకు రుద్ది నునుపు తేల్చింది నేను. వేళ్ల చివర తోలు లేచిపోయి అన్నం కలుపుకుంటే మంట. జంటకొక పసుపుదారం కట్టి, గడ్డి పరిచి, పెట్టెల్లో సర్ది మద్రాసు రైలెక్కించాం. పెట్టెల మీద మాత్రం తమ్ముడు కాగితంలో ఉన్నట్టే రెండు వందలని రాయించాడు. కొసరును ఎవరైనా రాస్తారా?

కొన్ని నెలలకు దొర దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రాజారత్నం చదివాడు. పెట్టె మీద రాసిందొకటి, లోపల ఉన్నదొకటట. దొంగసరుకని లండన్ రేవులో సుంకంవాళ్లు రెండు నెలలు ఆపేశారట. ఇది మోసమట.

తమ్ముడు ఉలి కింద పెట్టాడు. “తక్కువిచ్చినోణ్ణి దొంగంటారు. ఎక్కువిచ్చినోణ్ణి కూడా అంటారా అయివారూ?”

అయ్యవారు తన గొడుగు తీసుకుని లేచాడు.

ఆ తర్వాత మూడు నెలలకు దొర మళ్లీ వచ్చాడు. కోపం చల్లారి ఉంది. ఆడబొమ్మలు బాగా అమ్ముడుపోయాయట. ఈసారి ఆరు వందలు కావాలట. ఒక్క మగబొమ్మ కనబడినా సరుకంతా తిప్పి పంపుతారట. ఆరు వందలంటే ఏడాది తిండి మాకు. తలుపు చాటున ఉన్న నాకు అది తెలియక కాదు.

“ముందు పంపిన మగబొమ్మలు ఏమైనాయో అడుగు అయివారూ,” అన్నాను.

“ఇప్పుడెందుకమ్మా అది?”

“అడుగు.”

అడిగాడు. దొర ఏ కల్మషమూ లేకుండా చెప్పాడు. గోడౌనులో చలికి పొయ్యిలో వేశారట.

తమ్ముడి మొహం మాడిపోయింది. అయినా వాడి నోరు వాడి నోరే. “సూద్దాం లే దొ...”

“నోరు ముయ్యిరా,” అని నేను అరుగు మీదికి వచ్చేశాను. పరాయి మగవాడి ముందుకు నేను రావడం అదే మొదలు. “అయివారూ, చెప్పింది చెప్పినట్టు చెప్పు, చక్కెర కలపొద్దు. మావోడు ఒంటి బొమ్మ సేయడు. ఆరునూర్లు కాదు, ఒకటి కూడా సేయడు. ఆ పొద్దు కూడా సేయననే అన్నాడు. నీకు తెలుసు. తెలిసీ దొరకు చెప్పలేదు.”

“సూద్దామన్నాడు, సూస్తామన్నాడనే చెప్పినానమ్మా. మాటకు మాట.”

“నువ్వు పుట్టింది పలమనేరులోనా, లండన్లోనా?”

రాజారత్నం అంతా దొరకు చెప్పాడు. దొర ఎర్రబడ్డాడు. నన్ను చూడలేదు, తమ్ముణ్ణే చూస్తూ అడిగాడు. మొదటి రోజే ఎందుకు చెప్పలేదు? జంటగానే అమ్ముతారని తెలిస్తే జంటలే కొనమని లండన్‌కు రాసేవాణ్ణి కదా. ఇప్పుడు జంటల మాటెత్తితే లండన్ వాళ్లకు ఆ దొంగసరుకు గొడవే గుర్తొస్తుంది, ఇక కొనరు.

న్యాయమైన మాట. అందుకే నా ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో తిరుగుతూ, కాఫీ లోటా ఎందుకిస్తారో తెలుసుకోని దొర మీద మండింది. మాటను మోసుకుపోయి మనసును ఇక్కడే వదిలేసిన అయ్యవారి మీద మండింది. అందరికన్నా ఎక్కువ నా తమ్ముడి మీద మండింది.

దొర వెళ్లిపోయాడు. నెల తిరగకముందే పనివాళ్లిద్దరూ చిత్తూరులో కట్టెకోత మిల్లుకు పోయారు.

“నువ్వు గమ్మునుంటే ఏదో ఒక దావ సూసుకుందును,” అన్నాడు తమ్ముడు.

“ఏం దావ? ఇంకో ఆరునూర్ల మంది మొగుళ్లను పొయ్యిలో పెట్టించేదా?”

వాడు తొమ్మిది రోజులు అన్నం కొట్టంలోకే తెప్పించుకుని తిన్నాడు.

పదో రోజు బెంగుళూరు వర్తకుడొకడు వచ్చాడు. లండన్ సంగతి విన్నాడు కాబోలు, ఆడబొమ్మలే నూరు కావాలన్నాడు. తమ్ముడు చెక్కడం ఆపి అతని మొహంలోకి చూశాడు.

“ఇయ్యను.”

వర్తకుడు బేరమాడుతున్నాడనుకుని నవ్వి, అరుగు మీద బాగా సర్దుకుని కూర్చున్నాడు.

“ఇయ్యనంటి కదప్పా. లెయ్.”

కాఫీ కలుపుదామని లేచిన మరదల్ని చేత్తోనే వారించాడు. లండన్ బేరం తగిలేసరికి ధనంజయకు కళ్లు నెత్తికెక్కాయని వీధిలో అన్నారు. అననీ. ఆ తర్వాత వాడు బతికిన ఏడేళ్లూ ఇల్లు ఇరుకుగానే గడిచింది. జంట విడగొట్టమన్నవాడికి మాత్రం మొహం మీదే ఇయ్యనని చెప్పాడు. నాకు కూడా వేరే సంగతుల్లో రెండుమూడుసార్లు కాదని చెప్పాడు. ఒళ్లు మండింది గానీ, నేర్పింది నేనే కదా.