దొర కుర్చీ

కంపెనీ పటాలంలో కుర్రవాడిగా చేరి కెప్టెన్ దాకా ఎదిగిన ఒక పద్దెనిమిదో శతాబ్దపు దొర గురించి నేనొక వ్యాసం రాశాను. విశాఖ వైపు కొండల్లోకి వెళ్లాక ఆయన ఏమయ్యాడో ఏ కాగితంలోనూ లేదు. కోటగోడ మీద, కత్తి చేతిలో ఉండగా ప్రాణం విడిచాడని నేనే కల్పించి ముగించాను.

సింగపూర్ వెళ్లినప్పుడు, ఆ వ్యాసం చదివిన అప్పన్నగారు సెంబవాంగ్‌లోని తమ ఫ్లాట్‌కి భోజనానికి పిలిచారు. తాతల నాడే విశాఖ వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోబోయాను. దాని మీద టిష్యూ ప్యాకెట్ ఉంది.

"అంకుల్, అక్కడొద్దు! చోప్ చేశాం లా," అని ఆయన మనవరాలు నవ్వింది. ఫుడ్ కోర్టుల్లో సీటు పట్టుకోవడానికి ఇక్కడివాళ్లు అలా టిష్యూ ప్యాకెట్ పెడతారు; దాన్నే చోప్ చేయడం అంటారు.

"ఎవరికమ్మా?"

"దొరకి."

అప్పన్నగారు చుట్ట వెలిగించి కుర్చీ ముందు సాసర్‌లో పెట్టారు.

"మావోళ్లు మీరు రాసిన ఆ దొర పల్లకీ మోసిన బోయీలండి. ఆయనకి జొరం ముదిరితే అడివిలో దింపేసి పారిపోయారు. చుట్టకి నిప్పు, నిప్పు అని అరుస్తా ఉన్నాడంట. అందుకే ప్రతి అమాసకీ పెడతాం. ఓడెక్కి వచ్చినా వదల్లేదు. మీకు కోటగోడని ఎవరు చెప్పారు?"

"పాత రికార్డుల్లో ఉంది," అన్నాను.

చుట్ట ఆరిపోయింది. ఆయన మూడు పుల్లలు గీసినా అంటుకోలేదు. మనవరాలి నవ్వు ఆగిపోయింది.

"లేదండీ. నేనే కల్పించాను," అని ఒప్పుకున్నాను.

ఎవరూ ముట్టుకోకుండానే, ఎవరో గట్టిగా దమ్ము లాగినట్టు, చుట్ట కొస ఎర్రగా రాజుకుంది.