కడిగి తెచ్చిన కాళ్లు

అవునమ్మా, నిజంగానే కాళ్లు కడుగుతారు. ఫోన్లో నువ్వు నవ్వావు కానీ, మంచి శుక్రవారానికి ముందురోజు సాయంత్రం మా మొయినాబాద్ చర్చిలో ఆడవాళ్లం ఒకరి కాళ్లు ఒకరం కడుగుతాం. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు కదా, అందుకని. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల కాళ్లు మాత్రం పాస్టరమ్మే కడుగుతుంది. ఆ తర్వాతే వాళ్లకు ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం.

మీ కాలం పిల్లలకు తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజు మేమంతా ఇంట్లోనే కాళ్లు రుద్ది రుద్ది కడుక్కుని వెళ్తాం. మురికి కాళ్లు ఇంకొకరి చేతిలో పెట్టాలంటే సిగ్గు మరి.

"ఏం వదినా, మడిమలు గింత తెల్లగున్నయి, పెండ్లిచూపులా?" అంది పోయినేడు నా పక్కన కూర్చున్నావిడ.

"కోడలు క్రీమ్ రాసింది తీ," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ ఏడు బాప్తిస్మం తీసుకున్నది ఒక్కతే. చేవెళ్ల రోడ్డు పక్క బంతితోటల్లో కూలికి వెళ్లే అమ్మాయి. "ఆ రొట్టె నా చేతిల పడితే సాలవ్వా," అంటూ ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తోంది. పని ఆలస్యమై తోటనుంచి నేరుగా ఆటో ఎక్కి వచ్చింది. పిక్కలదాకా ఎర్రమట్టి. కుర్చీలో కూర్చుని సంబరంగా కాళ్లు బేసిన్ వైపు చాపింది.

పాస్టరమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

"గిట్లనా వచ్చేది? పరిశుద్ధ స్థలం గదా. బయట నల్లా ఉన్నది, కడుక్కొని రాపో."

పరిశుద్ధంగా బతకడమంటే ఏమిటో ఆవిడను చూసే నేర్చుకున్నాను. నేను దవాఖానలో ఉంటే నా వాంతులు ఎత్తిపోసిన మనిషి. ఆ నోట వచ్చిన మాటేనా ఇది? సరిగ్గా విన్నానా అని చుట్టూ చూశాను. ఎవరూ తల ఎత్తలేదు.

బయటికి వెళ్లాను. ఆ పిల్ల నల్లా కింద రాయితో మడిమలు గీకుతోంది.

"పగుళ్లల్ల మట్టి పోతలేదవ్వా."

"ఇటు రా బిడ్డా, నేను కడుగుత."

"వద్దవ్వా. సాఫ్ అయినంకనే వస్త."

తడికాళ్లకే చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. వాళ్లింటికి వెళ్లి పిలిచినప్పుడల్లా, "ఇంక సాఫ్ కాలేదవ్వా," అంటుంది. ఎవరు ఎక్కించారమ్మా ఆ పిల్ల తలకు ఈ మాట? మేమే కదా!

ఆ సాయంత్రం నేను లోపలికి వచ్చేసరికి అందరి కాళ్లూ కడగడం అయిపోయింది. బేసిన్లో నీళ్లు పోసినప్పుడు ఎంత తేటగా ఉన్నాయో అంత తేటగానే ఉన్నాయి. ఆ నీళ్లవైపే చూస్తూ నిలబడ్డాను.

"మంచికే చెప్పిన అవ్వా. దేవుని దగ్గరికి శుద్ధిగ రావాలె గద," అంది పాస్టరమ్మ నా ముఖం చూసి.

నేను మెల్లగా ఒక్క మాట అడిగాను. ఆవిడ తల దించుకుంది.

"ఆమె కడుక్కొనే రావాల్నంటే, ఇగ ప్రభువు కడిగేదేందమ్మా?"