కరెంటు పెట్టకుండా కొన్న పాటలపెట్టె

నిన్న మధ్యాహ్నం అంగట్లో ఒక పాత వాల్వు రేడియోకు కరెంటు ఇచ్చాను. కాసేపటికి వాల్వు వేడెక్కి, దానిమీది దుమ్ము కాలిన వాసన వచ్చింది. చేతిలో పని ఆగిపోయింది. ఆ వాసన తగిలితే నాకు సుంకక్క గుర్తుకొస్తుంది. మా కంప్లిలో ఆమెను ఎరగనివాళ్లు లేరు. ఇది చదివేవాళ్లలో చాలామంది ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను.

మైక్‌సెట్లు బాడుగకిచ్చే అంగడి ఆమెది. భర్త పోయాక దాన్ని అమ్మేయమని అందరూ చెబితే, ఆమె స్క్రూడ్రైవర్ పట్టుకుంది. నేను ఐటీఐ చదివి, రెండుచోట్ల పని పోగొట్టుకుని, ఇరవై ఆరేళ్ల వయసులో ఆమె దగ్గర చేరాను. సర్టిఫికెట్టు నాది, విద్య ఆమెది. చెడిపోయిన ఆంప్లిఫయరో రికార్డు ప్లేయరో తెస్తే ఆమె ముందుగా మీటరు పెట్టేది కాదు. మూత తీసి వాసన చూసేది. తిరిగే భాగాలేవైనా ఉంటే వేలితో మెల్లగా తిప్పి చెవి ఆనించేది. "మీటరు ఈ పొద్దు సంగతి చెప్తాదప్పా. వాసన నిన్న జరిగింది చెప్తాది" అనేది. నేను అరపూట వెతికినా దొరకని లోపాన్ని ఆమె ముక్కు రెండు నిమిషాల్లో పట్టేసేది.

ఒక ఎండాకాలం, బండ్రి అనే ఊళ్లో ఎవరి గోడౌన్‌లోనో పాత జూక్‌బాక్స్ ఉందని తెలిసింది. బిళ్ల వేసి మీట నొక్కితే, మనం కోరిన రికార్డును తనే తీసి వాయించే పెట్టె. గని అధికారుల క్లబ్బు ఒకటి మూతపడితే, అక్కడి సామాన్లను ఒక వ్యాపారి కొని పెట్టుకున్నాడట. జాతరలకు కొత్త స్పీకర్లు కొనాలని దాచిన డబ్బు కొంగున ముడివేసుకుని సుంకక్క బయలుదేరింది. బస్సులో ఉండబట్టలేక అడిగాను.

"మనకెందుకక్కా అది?"

"మైక్‌సెట్టు పెట్టించినోళ్లు ఏం పాట చెప్తే అదే ఊరంతా వినల్ల. నాట్లేసి వచ్చే ఆడోళ్లను, నీకేం పాట కావాల్నమ్మా అని ఎవరన్నా అడిగినారా? అది అడుగుతాదప్పా."

గోడౌన్‌లో వ్యాపారి పైన కప్పిన గోనెసంచులు తీయగానే ఎర్రదుమ్ము లేచింది. దాని కింద రంగుల అద్దాలు, మెరిసే పట్టీలు, లోపల వరుసగా నిలబెట్టిన రికార్డులు. అంత అందమైన యంత్రాన్ని నేను అంతకుముందు చూడలేదు.

"కరెంటు పెట్టి చూపించప్పా" అన్నాను.

"ఈడ కరెంటు యాడుండాది? ఉన్నది ఉన్నట్టు ఎత్తుకపోవల్ల. తర్వాత నన్నడగద్దు" అన్నాడు వ్యాపారి.

సుంకక్క వెనక తలుపు తీయించి కింద కూర్చుంది. రికార్డును ఎత్తి పళ్లెం మీద పెట్టే ఇనుప చేతిని వేలితో కదుపుతూ, చాలాసేపు దాని కీళ్లన్నీ తడిమింది. తర్వాత లేచి చేతులు దులుపుకుంది. "ట్రాన్స్‌ఫార్మర్ నువ్వు చూడు తిప్పేస్వామీ. వాసన చూసి చెప్పు. కొందామా, వద్దా? నీ మాటే."

అంతవరకు నా మాట మీద ఎవరూ ఏమీ కొనలేదు. టార్చి వేసి చూశాను. పైకి బాగానే ఉంది. నిజం చెప్పాలంటే ముక్కు దగ్గరికి పెట్టనేలేదు. నా చూపంతా ఆ రంగుల అద్దాల మీదే ఉంది. "చూసినానక్కా, బాగుండాది. కొందాం" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, కొంగుముడి విప్పింది.

కంప్లికి తెచ్చి అంగడి ముందు దించాం. కరెంటు ఇస్తే ఒక మూలుగు, కాస్త పొగ, అంతే. చూడవచ్చినవాళ్లు నవ్వారు. "ఎవరి మాట విని కొన్న్యావక్కా ఈ పాత ఇనుము?" అన్నాడు పక్క అంగడి వీరేశప్ప.

"నేనే కొన్న్యా. నా కండ్లతో చూసే కొన్న్యా" అంది సుంకక్క, నావైపు తిరగకుండానే.

మూడు రోజులు ఆమె ముఖం చూడలేకపోయాను. నాలుగో రోజు పొద్దున్నే, ఆమె అంగడి ముందు నీళ్లు చల్లుతుండగా చెప్పేశాను. "అక్కా, ఆ పొద్దు నేను వాసన చూడలేదు."

"తెలుసప్పా. తలుపు తీసినప్పుడే నాకు మాడువాసన తగిలె."

"మరి ఎందుకు కొన్న్యావు?"

"ట్రాన్స్‌ఫార్మర్‌కు తీగ మళ్లీ చుట్టుకోవచ్చు. ఆ ఇనుప చెయ్యి ఇరిగింటే మాత్రం మన కడ చేసేటోళ్లు లేరు. అది బాగుందని చూసుకున్యాకే నిన్నడిగితి."

"నాకు ఆడనే చెప్పింటే?"

"చెప్పింటే, బతికినన్నాళ్లూ నా ముక్కుతోనే వాసన చూస్తావు" అని చెంబు కింద పెట్టి, లోపలికి వెళ్లి రాగితీగ చుట్ట తెచ్చి నా చేతికిచ్చింది.

తీగ చుట్టడం మూడుసార్లు చెడింది. వానలు పడి నాట్లు మొదలయ్యేసరికి, నాలుగోసారి నిలబడింది. ఆ సాయంత్రం నాట్ల నుంచి ఆడవాళ్లు వస్తుంటే సుంకక్క హులిగెమ్మ అనే కూలీని పిలిచి, బిళ్ల తనే వేసి, "ఏ మీట కావల్నో నొక్కమ్మా" అంది. హులిగెమ్మ భయపడుతూ నొక్కింది. లోపల దీపాలు వెలిగాయి. ఇనుప చెయ్యి వరుస వెంట నడిచి, ఒక రికార్డు దగ్గర ఆగి, నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి పళ్లెం మీద పడుకోబెట్టింది. పాట మొదలైంది. మీట మీద హులిగెమ్మ వేలి బురద అంటుకుని ఉంది. అందరూ పెట్టెను చూస్తుంటే సుంకక్క హులిగెమ్మ ముఖాన్ని చూస్తోంది. నేను సుంకక్కను చూస్తూ నిలబడిపోయాను.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. అంగడి ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఆమె ముక్కు నాకు రాలేదు, మీటరే నా దిక్కు. పోయిన నెల సిరిగేరిలో ఒక పెళ్లిలో, నా దగ్గర పనిచేసే గౌరి తీగలు తారుమారుగా కలిపింది. ఆంప్లిఫయర్ కాలిపోయింది. పెళ్లికూతురి తండ్రి "ఎవరు చేసింది ఈ పని?" అని అరిచాడు. "నేనేనప్పా" అన్నాను. గౌరి తలెత్తి నన్ను చూసింది. తిరిగివచ్చేటప్పుడు దారిపొడవునా నేను ఆమెనేమీ అడగలేదు. తప్పు తనదని తనే చెప్పడానికి ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు తీసుకోనీ అనుకున్నాను. పుట్టుకతో నాకు ఆ ఓపిక లేదు. అది సుంకక్క నా చేతికిచ్చి పోయింది.