పిల్లి తుమ్మిన తుపాకీ

ఎయిర్ రైఫిల్ కొనాలనుకునేవాళ్లు అప్పుడప్పుడూ నన్ను సలహా అడుగుతుంటారు. వాళ్ల మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "చప్పుడు ఎంతొస్తాది?" నా జవాబు కూడా ఒకటే. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. ఈ మాట మా వైపు ఎవరికీ రుచించదు. మోటారు సైకిల్‌కు సైలెన్సర్ విప్పేసి తిరిగే ఊళ్లు మావి. పెళ్లయినా, ఎద్దుల బండలాగుడైనా, ఎన్నికల గెలుపైనా చప్పుడు లేకుంటే జరిగినట్టే కాదు. అలాంటిచోట గొంతు తగ్గించిన ఒక తుపాకీ ఎలా గెలిచిందో చెబితే నా సలహాలన్నీ అందులోనే వచ్చేస్తాయి.

ఆ తుపాకీ మా మేనమామది. ఆయన ఇల్లు పులివెందులలో, చీనీ తోట, అంటే బత్తాయి తోట, లింగాల వైపు. కాయ రంగు తిరిగే కాలంలో తోటలోకి కోతుల మందలు దిగుతాయి. వాటిని బెదిరించడానికి ఎప్పుడో కొన్న ఎయిర్ రైఫిల్ అది. బ్యారెల్‌ను మడత దగ్గర కిందికి విరిస్తే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది, పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు పెట్టి మూసి కాల్చాలి. మామ కోతుల మీద ఎన్నడూ కాల్చలేదు. గట్టు మట్టిలోకి పేల్చేవాడు. ఆ మోతకు కోతులు పరుగు. ఆయనకు కావలసింది అంతే.

మా చెల్లెలికి కావలసింది వేరు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతూ ఒకసారి కాలేజీ తరఫున అరువు తుపాకీతో పది మీటర్ల పోటీలో కాల్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో అదే మాట. పోటీ రైఫిల్ కొనే స్తోమత మాకు లేదు. అందుకే పులివెందుల పోయి మామను అడిగింది. మామ ఇచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"దసరా అయిపోతానే జమ్మలమడుగులో పోటీ ఉండాదంటివే. దాంట్లో మొదటి ముగ్గుర్లో వస్తివా, తుపాకీ నీదే. రాకపోతివా, మల్ల నా తోటకొచ్చేస్తాది. కోతులకు సేతులెత్తి మొక్కితే పోవు కదమ్మా."

ఆ పోటీలో మొదటి ముగ్గురూ జిల్లా జట్టులో చేరతారు. అంటే జట్టు, తుపాకీ రెండూ వస్తాయి, లేకుంటే రెండూ పోతాయి. తుపాకీ పోతే చెల్లెలి ఆట కూడా అక్కడితో ఆగిపోతుంది.

నేను మెకానికల్ చదివి ముద్దనూరు దగ్గర ప్లాంటులో మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. పంపులు, వాల్వులు, సీళ్లు నా రోజువారీ. తుపాకీని ప్రొద్దుటూరులో మా ఇంటి మిద్దె మీద చాప పరిచి విప్పాను. విప్పే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. బ్యారెల్ విరిచి లోపల పెల్లెట్ లేదని కంటితో చూడాలి. ప్రతి దశలో ఫోటో తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, వెనక మూతను క్లాంపుతో పట్టి ఉంచి, నెమ్మదిగా వదలాలి. ఒక్కసారిగా వదిలేస్తే లోపలి స్ప్రింగ్ మొహానికి వస్తుంది. ధైర్యవంతులు క్లాంపు లేకుండా విప్పుతారు. ఆ ధైర్యం నాకొద్దు.

ఎయిర్ రైఫిల్‌లో మందు ఉండదు. స్ప్రింగ్ పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, నలిగిన గాలి పెల్లెట్‌ను తోస్తుంది. సైకిల్ పంపుకూ దీనికీ పెద్ద తేడా లేదు. మరి మామ తుపాకీ అంత మోతగా ఎందుకు పేలేది? నూనె వల్ల. నలిగిన గాలి వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలున్న నూనె భగ్గుమంటుంది. డీజిల్ ఇంజన్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. మోత వస్తుంది, పొగ వస్తుంది, పెల్లెట్ జోరుగానే పోతుంది. కానీ నూనె ప్రతిసారీ ఒకేలా మండదు. కాబట్టి ఏ రెండు పెల్లెట్లూ ఒకచోట తగలవు.

పిస్టన్ తలకు తోలు వాషరు కనిపించింది. పాత చేతి బోరింగులో నీళ్లు లాగే తోలు వాషరును మామే కత్తిరించి వేశాడట. తోలు ఎండితే గాలి పట్టదు. దానికి అప్పుడప్పుడూ ఒక చుక్క నూనె కావలసిందే. మామ చుక్కలతో సరిపెట్టే మనిషి కాదు.

నేను తోలు తీసేసి సింథటిక్ సీలు వేశాను. దానికి నూనె పడదు. వంకరపోయిన స్ప్రింగ్ మార్చి, పల్చగా గ్రీజు రాసి, బిగించాను. చెక్కకు పట్టే స్క్రూలు వదులైతే గురి తప్పుతుంది. అందుకని వాటిని రోజూ చూసుకోవడం చెల్లెలికి నేర్పాను. తర్వాత రకరకాల పెల్లెట్లు తెచ్చి, వెనక ఇసుక నింపిన పెట్టె పెట్టి, గురి వలయాలున్న కార్డు మీద కాల్చి చూశాం. ఖరీదైన డబ్బా కాదు, మామూలు చదును తల పెల్లెట్లే ఈ బ్యారెల్‌కు నచ్చాయి. ప్రతి తుపాకీకీ దాని రుచి దానికుంటుంది. కాల్చి చూడటం తప్ప అది తెలుసుకునే దారి లేదు.

ఇక పట్టు. స్ప్రింగ్ తుపాకీ పేలేటప్పుడు ముందుకూ వెనక్కూ ఎగురుతుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే ఆ ఎగురుడు ప్రతిసారీ ఒక్కో రకంగా ఉంటుంది. వదులుగా పట్టుకుంటే తన దారిన తాను ఒకేలా ఎగురుతుంది. చెల్లెలు మొదట్లో దొంగను పట్టినట్టు పట్టేది.

"కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకో," అన్నాను.

"కోడిపిల్లకు ఇంత బరువుంటాదా అన్నా?" అంది గానీ, పట్టు మార్చింది. పెల్లెట్ పోయాక కూడా ఒక ఊపిరి సేపు గురి వదలకుండా నిలబడటం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. కార్డు మీద రంధ్రాలు ఒకదాన్నొకటి కొరుక్కోవడం మొదలైంది.

ఒక ఆదివారం మామ ప్రొద్దుటూరు వచ్చి మిద్దె ఎక్కాడు. చెల్లెలు కాల్చింది. 'ఠప్' అని చిన్న చప్పుడు. మామ ఇంకేదో వస్తుందని కాసేపు ఎదురుచూశాడు.

"ఏందప్పా ఇది? పిల్లి తుమ్మినట్టుండాది!"

"కార్డు చూడు మామా," అన్నాను.

"కార్డు నేనేం జేసుకోవల్ల? దీన్ని తోటకు తీసకపోతే కోతులు వచ్చి పలకరించి పోతాయి. సింహం మాదిరి ఉన్నెదాన్ని మూగదాన్ని జేసినావు గదప్పా ఇంజనీరూ!"

"నేను కోతులతో పోటీకి పోతాలేదు మామా," అంది చెల్లెలు, తుపాకీ దించకుండానే.

మామ నవ్వాడు. కానీ ఆయన మనసు కుదుటపడలేదని నాకు తెలుస్తూనే ఉంది.

దసరా వచ్చింది. పోటీ పండగ మరుసటి రోజే. ఆయుధ పూజకు తుపాకీ పులివెందులలోనే ఉండాలని మామ పట్టుబట్టాడు. ఇంకా అది ఆయనదే కాబట్టి కాదనలేకపోయాం. పండగనాడు వాళ్లింటికి పోయేసరికి ట్రాక్టరుకు, మోటారు స్టార్టరుకు, కొడవళ్లకు, వాటి పక్కన మా తుపాకీకి పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి ఉన్నాయి. చెల్లెలు దానికి దండం పెట్టుకుంది. మరునాడు పొద్దున్నే ముగ్గురం ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరుకున్నాం. తుపాకీ సంచిలో, ఖాళీగా, తాళం వేసి.

పోటీ ఒక కల్యాణమండపంలో పెట్టారు. పెళ్లి వేదిక ఉండే గోడ వైపు ఇనుప పెట్టెలు వరసగా నిలిపి, వాటికి కార్డులు తగిలించారు. కాల్చేవాళ్లను కొందరు కొందరిగా జట్లు కట్టి పిలుస్తారు, చెల్లెలు మొదటి జట్టులో ఉంది. గురి సరిచూసుకోవడానికి ముందు కొన్ని పెల్లెట్లు కాల్చుకోనిస్తారు. అవి లెక్కలోకి రావు. ఆమె నిలబడి, ఊపిరి తీసుకుని, మొదటిది కాల్చింది.

మండపం దద్దరిల్లింది.

అందరూ తలలు తిప్పారు. బ్యారెల్ కొస నుంచి నీలంగా పొగ లేచింది. దాంతో పాటు వేరుశనగ నూనె కాగిన వాసన, బజ్జీల బండి దగ్గర నిలబడినట్టు. కార్డు మీద రంధ్రం నల్ల వలయం బయట ఎక్కడో ఉంది. రెండోది కాల్చింది. మళ్లీ మోత, పొగ. ఈసారి రంధ్రం మరో మూలన.

వెనక కుర్చీల్లోంచి మామ లేచి నిలబడ్డాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"అద్దీ! ఇప్పుడొచ్చింది గొంతు!"

నాకు విషయం అర్థమైంది. చెల్లెలికి నాకంటే ముందే అర్థమైంది. తుపాకీ దించి, బ్యారెల్ విరిచి బల్ల మీద పెట్టి, చెయ్యెత్తింది. పోటీ నడిపే పెద్దమనిషి వచ్చి పొగ వాసన చూసి ముక్కు చిట్లించాడు.

"తుపాకీ బాగలేదు సార్. లోపల నూనె పడింది. చివరి జట్టుతో కాల్చనిస్తారా?" అని అడిగింది.

"చివరి జట్టు వరకే నీకు టైము. అప్పటికి తయారుగా లేకుంటే పేరు కొట్టేస్తాం," అన్నాడు.

వరండాలోకి వచ్చాం. నేను మామ వైపు తిరిగాను.

"ఏం చేసినావు మామా?"

"ఏం జేస్తా? పూజకు పెట్టేటప్పుడు దాని నోట్లో రొంత నూనె పోసినా. మన గానుగ నూనె, కల్తీ లేంది. దేవుని ముందర ఎండిన నోటితో పెడతారా ఎవురన్నా?"

ఆయన నోరు అన్నది బ్యారెల్ విరిచినప్పుడు వెనక కనిపించే చిన్న రంధ్రాన్ని. అక్కడ పోసింది నేరుగా పిస్టన్ ముందుకు చేరుతుంది.

"దాంట్లో ఇప్పుడు తోలు లేదు మామా. తీసేసినా. ఇది నూనె తాగదు."

మామ మొహంలో వెలుగు పోయింది. "తోలు లేదా? ఆ మాట నాకు చెప్పల్ల గదప్పా! పిల్లి తుమ్మినట్టుండాదని నేను అన్నెప్పుడన్నా చెప్పల్ల!"

"మీరిద్దరూ తర్వాత కొట్లాడుకోండి," అంది చెల్లెలు. "అన్నా, సంచి తీ. మామా, ఆ బల్ల కదలకుండా పట్టుకో."

నా సంచిలో ఎప్పుడూ ఉండేవి ఆరోజూ ఉన్నాయి: క్లాంపు, స్క్రూ డ్రైవర్లు, గ్రీజు డబ్బా. లేనిది ఒక్కటే, శుభ్రమైన గుడ్డ. నేను చుట్టూ చూస్తుండగానే మామ భుజం మీది పండగ కండువా తీసి, ఇంకా మడత చెదరనిదాన్ని, పళ్లతో కొరికి చర్రున చించాడు.

"చాల్తాదా? ఇంగా చించల్లా?"

ఆయన బల్లకు తన బరువంతా ఆనించాడు. నేను క్లాంపు బిగించి మూత విప్పాను. స్ప్రింగ్ నెమ్మదిగా బయటికి వచ్చింది. గొట్టం లోపల నూనె తడి మెరుస్తోంది. కండువా ముక్కలు పుల్లకు చుట్టి, ముక్క తెల్లగా బయటికి వచ్చేదాకా తుడిచాను. సీలుకు దెబ్బ తగల్లేదు. బ్యారెల్‌లోంచి కూడా గుడ్డ లాగాను. బయటికి వచ్చిన ప్రతి ముక్కనూ మామ అందుకుని వాసన చూస్తున్నాడు.

"ఇంగా ఉండాది. మల్ల తుడువప్పా." కాసేపటికి, "ఆఁ, ఇప్పుడు పోయింది," అన్నాడు. వేరుశనగ నూనె విషయంలో ఆ ముక్కును నమ్మవచ్చు. గ్రీజు రాసి, బిగించి, చెల్లెలి చేతికి ఇచ్చాను. లోపల చివరి జట్టును పిలుస్తున్నారు.

విప్పి బిగించిన తుపాకీ పాత గురి మీద ఉండదు. పరీక్ష పెల్లెట్లలో మొదటిది కాస్త గట్టిగానే పలికింది. మిగిలిన తడి అందులో పోయింది. తర్వాతవి మెత్తబడ్డాయి, కానీ ఒకేచోట, నడిమికి ఎడమగా, కొంచెం కిందుగా పడ్డాయి. ఒకేచోట పడ్డాయంటే భయం లేదు. పెల్లెట్ ఎటు జరగాలో గురి చూసే వెనక సైటును అటే జరపాలి. ఆమె ఒక మరను కుడికి, ఒకదాన్ని పైకి తిప్పింది. మళ్లీ కాల్చింది. రంధ్రం నల్ల వలయం నడుమ. నా వైపు చూడలేదు. అవసరం లేదు కూడా.

తర్వాత నేను కార్డు చూడటం మానేశాను. ఆమె ఎడమ చెయ్యి చూస్తూ కూర్చున్నాను. అది బిగుసుకోలేదు. పక్క బల్లల మీద మంచి రైఫిళ్లున్నాయి, కొన్నిటి నునుపు చూస్తేనే ఖరీదు తెలుస్తుంది. వాటి నడుమ మా తుపాకీ చెక్క మీద కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. ఠప్. ఊపిరి. ఠప్. నా పక్కన మామ రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఒక్కో 'ఠప్'కూ పెదవులు కదిలిస్తున్నాడు. తుపాకీ మళ్లీ గొంతెత్తకూడదని దేవుణ్ని వేడుకున్నట్టు తర్వాత చెప్పాడు.

కార్డులు దించి, లోపలి గదిలో లెక్క చూసి, పెద్దమనిషి బయటికి వచ్చాడు. మూడో స్థానం నుంచి చదవడం మొదలుపెట్టాడు. మూడోది మా పేరు కాదు. రెండోది కూడా కాదు. చెల్లెలు కళ్లు మూసుకుంది.

మొదటి పేరు ఆమెదే.

నేను లేచేలోపు మామ లేచాడు. ఆయన గొంతుకు ఏ సీలూ వెయ్యలేదు కాబట్టి మండపం రెండోసారి దద్దరిల్లింది.

"పిల్లి తుమ్మింది, ఎలకలన్నీ సచ్చినాయి!"

ఓడినవాళ్లు కూడా నవ్వారు. పెద్దమనిషి చెల్లెలి కార్డును వెలుతురుకు ఎత్తి పట్టి అందరికీ చూపించాడు. నడుమ ఒకటే చిరుగు, దాంట్లోంచి కిటికీ వెలుగు కనిపిస్తోంది.

బయటికి వచ్చాక మామ తుపాకీని నా చేతిలోంచి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. బ్యారెల్ విరిచి, కన్ను దగ్గరగా పెట్టి, లోపల ఏమీ లేదని చూసుకున్నాడు. తోటలో ఎన్నడూ ఆయన ఆ పని చేయగా నేను చూడలేదు.

"ఖాళీనే," అని రెండు చేతులతో చెల్లెలికి అందించాడు. "తీసుకోమ్మా. ఇంగ నీదే."

"మరి కోతులకేం జేస్తావు మామా?"

"దీపావళి వస్తాంది గదా, రొంత ఎక్కువ టపాకాయలు తెచ్చి పెట్టుకుంటా," అన్నాడు మామ, చినిగిన కండువాను భుజం మీద సర్దుకుంటూ. "కోతులకు గురితో పన్లేదులే."