అల్లం కవరుకు చిల్లులు పెట్టమన్న మనిషి

మా చిన్నాయన పదిహేను రోజుల కింద జహీరాబాద్ దవాఖానలో పోయాడు. హైదరాబాదులో నాకు టెలిగ్రాం అంది, నేను బస్సెక్కి ఊరు చేరేసరికి దహనం కూడా అయిపోయింది. మూడోనాడు వాకిట్లో కూర్చున్నవాళ్ళలో అల్లం వ్యాపారం చేసే సేటు కూడా ఉన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "బంగారమసుంటి మనిషి. గానీ కవర్లకు షీట్ ఎంచుడు ఒక్కటి రాలె. నా అల్లమంతా కుళ్ళబెట్టిండు గద!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. చిన్నమ్మ తల దించుకుంది. నేను ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి పోయాను. అలా పోయినందుకు నా మీద నాకు పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు.

చిన్నాయనది బస్టాండు వెనక చిన్న అచ్చు దుకాణం. విత్తనాలకు, మిఠాయిలకు, చీరలకు ప్లాస్టిక్ కవర్ల మీద ఎవరి పేరు వాళ్ళకు, ఎవరి బొమ్మ వాళ్ళకు అచ్చు వేసి ఇచ్చేవాడు. కొత్త షీటు రాగానే చెవి దగ్గర పెట్టుకుని నలిపేవాడు. ఎక్కువ గోల పెట్టేది చలికాలం మడతల దగ్గర పగులుతుందని ఆయన లెక్క. ఒక అంచు కత్తిరించి అగ్గిపుల్లతో కాల్చేవాడు. మైనం వాసన వస్తే మిఠాయికి, ముక్కు మండితే పక్కకు. అచ్చు ఆరాక గోరుతో గీకేవాడు. రంగు లేచిందా, మొత్తం మళ్ళీ మొదటికి. అందుకే ఆయన బొటనవేలి గోరు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేది. "నీ గోటి రంగు కూరల రాలుతది, జర కడుక్కో," అని చిన్నమ్మ దెప్పేది.

"కవరు బట్టలెక్క బిడ్డా. చూసేటోని కండ్లకు కాదు, ఏసుకునేటోని ఒంటికి కుట్టాలె," అనేవాడు నాతో.

పదేళ్ళ కింద ఈ సేటే బొంబాయి దుకాణాలకు పచ్చి అల్లాన్ని అరకిలో ప్యాకెట్లలో పంపాలనుకున్నాడు. చిన్నాయన మెత్తటి పాలిథీన్ చూపించి, దానికి అక్కడక్కడా చిల్లులు కొడతానన్నాడు. కవరు నిండా లక్ష్మీదేవి బొమ్మ వేయించాలనుకున్న సేటు కన్ను మాత్రం గాజులా మెరిసే పీపీ షీటు మీద పడింది.

"పొక్కలేంది? లక్ష్మీదేవి మొకంల పొక్క పడ్తె ఎవడన్న కొంటడా?"

"దేవిని జర పక్కకు జరుపుత సేటూ. అల్లం తవ్వినంక గూడ ఊపిరి తీస్తది. మూసేస్తె చెమట పట్టి సస్తది."

"అల్లానికి ఊపిరా! రేపు దగ్గుతది గూడ అంటవ్."

నేను సెలవులకు వచ్చి అక్కడే ఉన్నాను. బాటనీ ఎమ్మెస్సీ చేసి కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. అల్లం ప్రాణమున్న దుంప అని నాకంటే ఎవరికి తెలియాలి? కానీ గాలి తగిలితే దుంప ఎండి ముడతలు పడుతుందన్న సంగతి ఒక్కటే నా తలలో మెదిలింది. "పొక్కలొద్దు చిన్నాయనా, మూస్తేనే తాజాగుంటది. ఆ మెరిసేదే ఎయ్యి," అన్నాను. పైగా నవ్వాను.

"నాలుగు దినాలు ఆగున్రి. ఒక గడ్డ ఇండ్ల, ఒక గడ్డ అండ్ల ఏసి గోడకు ఏలాడదీసి చూద్దాం," అన్నాడాయన. ఏ కొత్త సరుకుకైనా ఆయన పద్ధతి అదే. దుకాణం గోడ మేకులకు బెల్లం, శనగలు, మిరపకాయలు రకరకాల కవర్లలో ఎప్పుడూ వేలాడుతుండేవి.

"సదువుకున్న బిడ్డ చెప్పినంక ఇంక చూసుడెందుకు?" అన్నాడు సేటు. చిన్నాయన నా మొహం చూశాడు. అన్న కూతురి మాటను పరాయివాడి ముందు కొట్టేయలేకపోయాడు. మెరిసే షీటు చుట్ట విప్పాడు.

బొంబాయి చేరేసరికి ప్యాకెట్లలో నీటి బొట్లు, తెల్ల బూజు. సేటు ఆ కుళ్ళును తెచ్చి దుకాణం ముందు కుమ్మరించాడు. "ఎవడు ఎంచిండు ఈ షీట్?" అని బస్టాండంతా వినేలా అరిచాడు.

"నేనే. తప్పు నాదే," అన్నాడు చిన్నాయన.

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నన్ను ఆగమన్నట్టు ఆయన చేయి వెనక్కి చాపినట్టు గుర్తు. నిజంగా చాపాడా? నోరు మెదపనందుకు సాకుగా ఆ చేతిని నేనే కల్పించుకున్నానా? ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

తిండి వస్తువుల వాళ్ళు ఆయన దగ్గరికి రావడం మానేశారు. చీరల కవర్లే మిగిలాయి. మరుసటి ఏడు సేటు హైదరాబాదు నుంచి మెత్తటి పాలిథీన్ కవర్లు తెప్పించాడు, చిల్లులతో సహా. ఆ ఉపాయం తనదేనని చెప్పుకున్నాడు. చిన్నాయన ఒక ప్యాకెట్ తిప్పి చూసి, "మంచిగున్నది. ఇంకో రెండు పొక్కలు పడాలె," అన్నాడు. అంతే. ఆ నెమ్మది మీద కూడా నాకు కోపమే. నా పరువు కాపాడాననుకున్నాడు. నన్ను దొంగను చేశాడు.

పదకొండోనాటి కర్మ అయ్యాక మార్కెట్‌కు పోయాను. రైతులూ హమాలీలూ వింటుండగా, "సేటూ, ఆ షీట్ ఎంచింది నేను. చిన్నాయన వద్దన్నడు," అన్నాను.

సేటు కళ్ళు తుడుచుకున్నాడు. "పోయినోని తప్పు నీ మీదేసుకుంటున్నవా బిడ్డా? చిన్నాయనంటే గింత పాణమా!"

"నువ్వు అక్కడనే ఉన్నవు గద!" అని అరిచాను.

"ఉన్న. తప్పు నాదని ఆయన నోటితోనే విన్న."

హమాలీలు నన్ను మెచ్చుకుంటున్నట్టు తలలూపారు. సేటు చిల్లుల కవరులోని ఒక అల్లం ప్యాకెట్ నా చేతిలో పెట్టి, చాయ్‌లో వేసుకొమ్మన్నాడు. ఊళ్ళో నా మాట ఇక ఎవరూ నమ్మరు. చదివే మీరైనా నమ్మండి. ఆ మనిషికి షీటు ఎంచడం వచ్చు.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ నా ఒళ్ళోంచి ప్యాకెట్ తీసి అటూ ఇటూ తిప్పింది. "సుక్క నీరు పట్టలె సూడు. ఎవని తెలివో గానీ!"

"మా చిన్నాయనది," అన్నాను. అరిచినట్టే అన్నానేమో, ఆమె ఉలిక్కిపడి ప్యాకెట్‌ను మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టేసింది. సదాశివపేట దాటేదాకా దాన్ని ఇద్దరం ముట్టుకోలేదు.