వీపు మాత్రమే చూశాను

మొన్న కరీంనగర్‌లో మా కాలనీలో ఎవరిదో స్కూటీ పోయింది. మలుపులో ఉన్న కెమెరా పనిచేయడం లేదట, అందుకని ఒక కానిస్టేబుల్ మా గేటు దగ్గరికొచ్చి, ఆ పొద్దున బాల్కనీలో ఉన్నది మీరే కదా అని అడిగాడు. ఒక మనిషి వీపు చూశానని చెప్పాను, అంతకు మించి ఒక్క ముక్క అదనంగా చెప్పలేదు. ఆయన వెళ్లాక మా ఆయన నవ్వాపుకోలేక, "కూరల ఉప్పు తక్కువైతే గంటసేపు వాదిస్తవు, పోలీసాయన అడుగుతే గింతేనా?" అన్నాడు. నా ఈడు వాళ్ల ఇళ్లలో అందరికీ తెలిసి ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంటుంది. మా ఇంట్లో అది చెన్నూరులో మా మేనత్త చెప్పిన సాక్ష్యం.

నేను డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన ఎండాకాలం అది. వారపు అంగడి రోజు అత్తా నేనూ కూరగాయల సంచి చెరో చెవి పట్టుకుని వస్తుంటే, మా వాడకట్టు కిరాణా దుకాణం ముందు గలాటా అయింది. మా నాన్నకు, అంటే బాపుకు, దోస్తు కాబట్టి నేను కాక అని పిలిచే ఆ దుకాణదారును ఎవరో కట్టెతో తల మీద కొట్టి బండ్ల మధ్య నుంచి ఉరికిపోయారు. మాకు కనిపించింది ఉరికే మనిషి వీపు, దాని మీద ఆకుపచ్చ పూల చొక్కా. ఆ చొక్కా మాట వినగానే వాడకట్టంతా ఒకే పేరు చెప్పింది, ఇంటి ముందు మోరీలో పారే మురికినీళ్ల గురించి కాకతో కొట్లాడిన, కరెంటు పనులు చేసే అతని పేరు. వాడకట్టు వరసన నేను అతన్ని అన్న అనేదాన్ని. ఆ చొక్కా దుబాయి గుడ్డది, అలాంటిది ఎవరి ఒంటి మీదుందో మాకు మనిషి మొఖం కన్నా ముందు గుర్తుండేది. కాని ఆ గుడ్డను అక్కడి నుంచి తెచ్చిన అన్న వాళ్ల బావ, దాన్ని ఒక్క బామ్మర్దికే ఇచ్చాడా? తోడల్లుళ్లకూ మేనల్లుళ్లకూ కోసి పంచాడు. క్రిస్మస్‌కు వాళ్లంతా అవే చొక్కాలతో చర్చిలో వరుసగా నిలబడితే నవ్వుకున్నది మేమే.

కాక బతికాడు గాని మాట పడిపోయింది. దాంతో అన్న జైలుకు పోవడమా ఇంటికి రావడమా అన్నది మా ఇద్దరి సాక్ష్యం మీదికి వచ్చింది.

అత్త అబద్ధమాడే మనిషైతే నాకింత బాధ లేకపోయేది. మా చర్చి సంఘంలో స్త్రీల కూటం వారం వారం ఒక్కో ఇంట్లో జరిగేది, ఎవరి కోసం ప్రార్థించాలన్నా ముందు వాళ్లకొచ్చిన కష్టాన్ని ఒకరు లేచి వివరంగా చెప్పాలి. కాక సంగతి చెప్పడం, చూసిన మనిషి కనుక, అత్త వంతు. మొదటి కూటంలో ఉరుకుతున్న చొక్కా ఒక్కటే ఉంది. ఇంకో ఇంట్లో ఎవరో "మొఖం కనబడ్డదా అక్కా?" అని అడిగితే అత్త కళ్లు మూసుకుని ఆలోచించింది, తర్వాతి ఇంట్లో చెప్పినప్పుడు ఆ మనిషి కొంచెం పక్కకు తిరిగాడు. కేసు కోర్టుకొచ్చే నాటికి పూర్తిగా వెనక్కి తిరిగి అత్త కళ్లలోకి చూశాడు. చాప మీద ఆమె పక్కనే కూర్చుని విన్నదాన్ని, ఇంటికొచ్చి ఊరుకుంటానా?

"నీ పక్కనే ఉన్న గద అత్తా, ఎప్పుడు తిరిగిండు?"

"టమాటలు రాలినయని నువ్వు కిందికి వంగినవు. నువ్వు కాలేజీల చదువుతున్నవని నా కండ్లు గుడ్డియైనయా బిడ్డా?"

టమాటలు రాలిన మాట నిజం, నేను వంగిన మాట నిజం. వంగింది అతను మాయమవక ముందో తర్వాతో ప్రమాణం చేసి చెప్పలేను. కాక భార్య వచ్చి మా అమ్మ పక్కన కూర్చుని ఏడ్చేది, ఆమె లేచిపోగానే అన్న తల్లి వచ్చి అదే చోట కూర్చునేది. బాపు మాత్రం, "ఇంటి ఆడబిడ్డను కోర్టుల అబద్దాలకోరును జేస్తవా?" అని ఒక్కసారే అన్నాడు.

బోనులో నిలబడి వీపు మాత్రమే చూశానన్నాను. అయితే మీ అత్త అబద్ధం చెబుతోందా అని ప్రభుత్వ వకీలు అడిగాడు, ఆమె అబద్ధమాడదని చెప్పాను. ఆమెకు కూడా వీపే కనబడ్డదని చెప్పగలవా అని అన్న తరఫు వకీలు ఆశగా అడిగాడు. ప్రతిదానికీ రెండు మాటలు ఎక్కువ మాట్లాడే నాకు, "నేను వంగిన సార్" అన్నది తప్ప నిజమైన మాట ఇంకొకటి దొరకలేదు. అన్న మొఖం చూశానని చెప్పడంలో అత్త తడబడలేదు. అన్నకు శిక్ష పడింది. అతను బయటికొచ్చి మంచిర్యాలలో ఇల్లు తీసుకున్నాడని తెలుసు. కొట్టింది అతనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

దుకాణం ఉన్నచోట ఇప్పుడు మొబైల్ ఫోన్లమ్ముతున్నారు, బండ్లు నిలబడే జాగా సిమెంటు రోడ్డయింది. కాక పోయాడు, అత్త కూడా పోయింది, ఆఖరి దాకా ఒక్క మాట మార్చలేదు. మారింది నాలోనే. ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు కాదని వాదించానో గాని, ఈమధ్య ఆ అంగడిని తలుచుకుంటే బండ్ల మధ్య ఉరికే మనిషి ఆగి మెల్లగా వెనక్కి తిరుగుతున్నాడు. అన్న మొఖమే, నుదుటి మీద చెమట కూడా కనిపిస్తోంది. నేను చూడలేదని నాకు తెలుసు. కాని ఇవాళ నన్ను మళ్లీ బోనెక్కించి అడిగితే, నేనూ తడబడనేమోనని భయం.