గునుగు చుట్టరికం

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నాకేమో గునుగు గింజలు కావాలి. గుప్పెడు కాదు, గంపలకొద్దీ!

పూల మొక్కల్లో ఏది దేనికి దగ్గర చుట్టమో తేల్చడం మా ప్రయోగశాల పని. ఆకునూ పువ్వునూ చూసి కాదు. జన్యువును నేరుగా చదవడం అప్పటికి మా తరమా? అది తయారుచేయించే ఒక ప్రోటీన్‌ను పట్టుకుని, అందులో పూసల్లా గుచ్చి ఉండే ముక్కల వరుసను ఒక్కొక్కటిగా చదివేవాళ్లం. రెండు మొక్కల వరుసల్లో తేడాలు ఎంత తక్కువైతే అంత దగ్గర బంధువులన్నమాట. చిటికెడు ప్రోటీన్ కోసం చీకట్లో మొలిపించిన లేత మొలకలు కుప్పలు కుప్పలు రుబ్బాలి. గునుగు గింజ చూస్తే ఆవగింజకన్నా చిన్నది.

లింగంపల్లిలో రైలు దిగి, దొరికిన ఎడ్లబండి ఎక్కి ఊళ్లన్నీ తిరిగాను. ఖాజాగూడ చెరువు పక్కన ఒక పెద్దమ్మ మెట్ట చెలకలో మాత్రం గునుగు తెల్లగా విరగబూసి ఉంది. ప్రాణం లేచొచ్చింది.

"పెద్దమ్మా, ఈ పూలు కోయకండి. గింజ పట్టేదాకా ఉంచండి. మా దగ్గర మొలకెత్తిస్తాం," అన్నాను.

ఆమె తటపటాయించింది. ఆ వేసవిలోనే పెళ్లయిన కూతురు మొదటి బతుకమ్మకు పుట్టింటికి వస్తోందట. మా కోస్తావాళ్లకు ఆ పండగ లేదు. గునుగు లేనిదే బతుకమ్మ పైకి లేవదని నాకేం తెలుసు?

"సరే తియ్యి బిడ్డా. మొలకేస్తరంటున్నవు గదా. వచ్చేయేడు మా పిల్లకు నిలువెత్తు బతుకమ్మ పేర్చుకుంటం," అంది చివరికి.

నేను తలూపాను. గింజల ధ్యాసలో దేనికైనా ఊపేసేదాన్ని.

పండగనాటి సాయంత్రం పూలు భద్రంగా ఉన్నాయో లేదో చూద్దామని వెళ్లాను. ఎంత గొప్ప బుద్ధో చూడండి! ఆడవాళ్లంతా బతుకమ్మలెత్తుకుని చెరువుకు వస్తున్నారు. పెద్దమ్మ కూతురు పట్టుకున్న వెదురు సిబ్బిలో మాత్రం కాస్త తంగేడు, కాసిని గుమ్మడి పూలు.

"గిదేం బతుకమ్మనే, సిబ్బి గూడ నిండలే!" అని తోటివాళ్లు నవ్వుతుంటే ఆమె తల ఎత్తలేదు. పక్కనే చెలకలో గునుగు నిండుగా ఊగుతోంది.

"కోసుకోండి పెద్దమ్మా, ఇప్పుడైనా కోసుకోండి," అన్నాను.

"మాటిచ్చినం గద బిడ్డా. ఇగ ఇప్పుడు కోస్తె ఏం లాభం? నువ్వు ఫికర్ జెయ్యకు," అని ఆవిడే నన్ను ఓదార్చింది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

అయినా గింజ పండగానే వెళ్లి ఒక్క కంకి వదలకుండా దులుపుకొచ్చాను. సిగ్గు సిగ్గే, పని పనే. తడిగుడ్డల్లో మొలిపించాం, రుబ్బాం, వడకట్టాం. వరుస సగందాకా చదవగలిగాం. గునుగు తోటకూరకు బాగా దగ్గర చుట్టమని తేలింది. మా ప్రొఫెసర్ శభాష్ అన్నారు. ఆ మెప్పు నాకు ఒంటబట్టలేదు.

మరుసటి ఏడు వానలు దంచికొట్టాయి. బతుకమ్మ రోజుల్లోనే, కబురు చెబుదామని మళ్లీ వెళ్లాను. చెలకంతా గడ్డి. గునుగు అక్కడొకటి, ఇక్కడొకటి. నేల మీద రాలాల్సిన గింజలన్నీ నేనే ఊడ్చుకుపోయానని చూడగానే అర్థమైంది. మొక్కల చదువు చదివిన దాన్ని కదా, నా మొహం!

గట్టు మీద తల్లీకూతుళ్లు ఖాళీ సిబ్బితో కూర్చుని ఉన్నారు.

"వచ్చినవా బిడ్డా! నీ కోసమే చూస్తున్నం. మా పూలు దెచ్చినవా?" అంది పెద్దమ్మ నా సంచీ వైపు చూస్తూ.

"లేవు పెద్దమ్మా. మొలకలన్నీ రుబ్బేశాం."

ఆవిడ అర్థంకానట్టు కూతురి వైపు చూసింది. కూతురే అడిగింది.

"ఒక్కటన్న పూసిందా అక్కా?"

"లేదు. పూయనివ్వలేదు."

ఆ పిల్ల సిబ్బి చంకన పెట్టుకుని తంగేడు కోసం గుట్టల వైపు బయల్దేరింది. నేనూ కోసిస్తానంటూ వెంట నడవబోయాను.

"వద్దక్కా," అంది వెనక్కి తిరక్కుండానే. "నువ్వు కొయ్యకు."